డజనుకొక బన్సేలా

కెనడా వెళ్లొచ్చానని తెలిసినప్పటి నుంచి మా వీధిలో అందరూ మంచు గురించే అడుగుతున్నారు. నేను వెళ్లింది ఆగస్టులో. అక్కడా చెమటలు పట్టాయి. మంచంటారా, కొండల మీద దూరంగా తెల్లటి చారలా కనిపించింది, అంతే. పేరుమోసిన జలపాతం నేను తిరిగిన వైపు కాదట, దేశానికి ఆ కొసన ఉందట. అదీ చూడలేదు. నేను చూసినవి చేతులు. విజయనగరంలో గంటస్తంభం దగ్గర ముప్పై ఏళ్లుగా గాజుల కొట్టు నడుపుతున్నదాన్ని. ఎవరైనా ఎదురైతే మొహం కంటే ముందు మణికట్టు చూస్తాను. ఇది రెండూ నాలుగు, ఇది రెండూ ఆరు అని సైజు దానంతట అదే మనసులో పడిపోతుంది. ఆ దేశంలో చాలా చేతులు బోసిగా ఉన్నాయి. కొన్నింటికి మాత్రం భుజం దాకా పచ్చబొట్లున్నాయి.

వెళ్లిన పని సీమంతం. విశాఖపట్నంలో ఉండే మా పెద్దమ్మ కూతురు రాజ్యలక్ష్మి అక్క, తన కూతురు కావ్య కడుపుతో ఉందని ముందే ఎడ్మంటన్ చేరింది. అక్కడి నుంచి ఫోన్ చేసి, సీమంతం మన పద్ధతిలో అసలు సిసలుగా చెయ్యాలి, నువ్వు రాకపోతే ఎలా సత్యా అంది. టికెట్ కూడా తనే కొంది. అందులో నా మీద ప్రేమ సగం, మట్టిగాజులు అక్కడ దొరకవన్నది సగం. ఏ సగం పెద్దదో నేను అడగలేదు.

వాంకోవర్: ధర చెప్పిన పాపం

ముప్పై డజన్ల గాజులు చీరల మధ్య చుట్టి తీసుకెళ్లాను. వాంకోవర్‌లో దిగాక ఒక అధికారి పెట్టె తెరిపించి, ఇవేమిటి, వీటి ధరెంత అని అడిగాడు. ధర అడిగితే నా నోరు నా మాట వినదు. డజను నూటయాభై అన్నాను. అతను ఏమీ అనకుండా నా వంక చూశాడు. మా కొట్టులో ఎవరైనా అలా చూశారంటే ఎక్కువ చెప్పావని అర్థం. సరే, నూట ఇరవై అన్నాను. మళ్లీ చూశాడు. వందకి తగ్గితే నాకేం మిగలదు బాబూ అని, సగం ఇంగ్లీషూ సగం చేతులూ కలిపి చెప్పాను.

అతను పెన్ను కింద పెట్టి, నువ్వు వీటిని నాకు అమ్ముతున్నావా అని అడిగాడు. అప్పుడు గానీ నాకు తెలివి రాలేదు. కాదు, మా అక్క కూతురికి, కడుపుతో ఉంది, అని పొట్ట దగ్గర చెయ్యి గుండ్రంగా తిప్పి చూపించాను. నా పొట్ట వంక చూసి, నా తెల్లజుట్టు వంక చూసి, శుభాకాంక్షలు చెప్పి పంపించేశాడు. ఎవరికి చెప్పాడో నాకు ఇప్పటికీ అనుమానమే.

బయట నా పేరు రాసిన అట్ట పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి. కత్తిరించిన జుట్టు, ప్యాంటు, నుదుట చిన్న చందనం బొట్టు. కావ్యకి అత్తగారు, అంటే కావ్య భర్త డేవన్‌కి తల్లి, పేరు సావిత్రి నాయుడు, అందరూ సవీ అంటారు. ఆవిడ గురించి అక్క ఫోన్లోనే చెప్పింది: “డేవన్ వాళ్ల మమ్మీ వస్తుంది. దక్షిణాఫ్రికా మనిషి, డర్బన్. తెలుగువాళ్లే అంటారు మరి, తెలుగు మాత్రం రాదు.” ఆవిడ ముత్తాతలు ఎప్పుడో మన విశాఖపట్నం వైపు నుంచే చెరుకు నరకడానికి ఓడ ఎక్కి వెళ్లారట. ఏ ఊరో ఎవరికీ తెలియదు. తానుండే ఎడ్మంటన్ నుంచి, తమ్ముడిని చూడటానికి వాంకోవర్ పక్కనే ఉన్న బర్నబీ వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు నన్ను కూడా కారులో తీసుకెళ్లే పని మీద వేసుకుంది. నన్ను చూడగానే “అక్కా, అన్నం తిన్నావా?” అంది. ఆవిడకి ధారాళంగా వచ్చిన తెలుగు వాక్యం అదొక్కటే. నిజానికి మనకి కూడా అవసరమయ్యేది అదొక్కటే.

బర్నబీ: తిరగబడ్డ కొసరు

బర్నబీలో సవీ తమ్ముడింట్లో రెండు రోజులున్నాం. కొండ మీద విశ్వవిద్యాలయం, కింద అద్దాల ఆఫీసులు. ఆ ఆఫీసుల్లో మనవాళ్లు ఎంతమందంటే, మధ్యాహ్నం పార్కులో నడిచేవాళ్ల ఫోను మాటలు నాకు సగం అర్థమయ్యాయి. “పీఆర్ అప్లై చేశా, ఇంకా రాలే” అన్నది ఆ ఊరి పలకరింపు. పీఆర్ అంటే అక్కడే ఉండిపోవడానికి అనుమతట. ఇళ్ల ముందు రోడ్డు వారన సోఫాలు, బల్లలు పెట్టి ‘ఉచితం’ అని కాగితం అంటిస్తారు. మంచి టేకులాంటి బల్ల ఒకటి చూసి నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. విమానంలో పట్టదని సవీ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

ఇంత ఉదారంగా బల్లలు పారేసే దేశం, కొట్లో మాత్రం కొసరు పెట్టదు. పెట్టకపోగా, మన దగ్గరే కొసరు తీసుకుంటుంది. అట్ట మీద ఒక ధర ఉంటుంది. అది చూసి మనసు రాయి చేసుకుని, అరవై చిల్లరతో గుణించుకుని, పోనీలే అని కౌంటర్ దగ్గరికి వెళితే అక్కడ పన్ను కలిపి ఇంకో ధర చెబుతారు. చెప్పిన ధర కంటే ఎక్కువ తీసుకునే వ్యాపారాన్ని మా గంటస్తంభం దగ్గర ఇంకో పేరుతో పిలుస్తాం.

మనవాళ్ల హోటలుకి వెళ్లాం. దోశ పద్నాలుగు డాలర్లు. చట్నీ అయిపోతే ఇంకాస్త వెయ్యమన్నాను. కౌంటర్లో ఉన్నాయన హైదరాబాదు మనిషి, చాలా మర్యాదగా, “ఎక్స్‌ట్రా చట్నీ టూ డాలర్స్ ఆంటీ” అన్నాడు. దోశకి చట్నీ ఎక్స్‌ట్రా ఎలా అవుతుందని అడిగాను. పాలసీ అన్నాడు. చివర్లో ఒక మిషను మా వైపు తిప్పి, ఎంత శాతం టిప్పు ఇస్తారో నొక్కమన్నాడు. పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు. సున్నా ఎక్కడుందో వెతుకుతుంటే ఆయన కిటికీలోంచి ఆకాశం చూస్తూ నిలబడ్డాడు. సవీ ఇరవై నొక్కి నన్ను బయటికి తీసుకొచ్చింది. కొసరు అడగబోయి కొసరు ఇచ్చి వచ్చాం.

చిల్లివాక్: పదమూడో పొత్తు

మూడో రోజు పొద్దున్నే కారెక్కాం. సవీ బండి నడుపుతుంటే నాకు మొదట్లో ప్రాణం కుదుటపడలేదు. ఖాళీ రోడ్డు మీద కూడా బోర్డు కనబడితే ఆగి, అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక కదులుతుంది. ఎవరూ లేనప్పుడు ఆగడం ఎందుకంటే, ఎవరూ లేరని తెలుసుకోవడానికే ఆగాలి అంది. మా ఊళ్లో ఎవరున్నా ఆగరు, అది ఇంకో రకం నమ్మకం.

చిల్లివాక్ అనే ఊరి దగ్గర రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తులు అమ్ముతున్నారు. డజను అడిగితే ఆ ముసలాయన లెక్కపెట్టి సంచిలో వేసి, పైన ఇంకొకటి పెట్టాడు. నేను అడగలేదు. సవీ అడగలేదు. ఆయన మొహంలో ఇస్తున్నానన్న గొప్ప కూడా లేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది, రెండు రోజులుగా కడుపులో ఉన్న చట్నీ బాధ అలాంటిది.

“బన్సేలా,” అంది సవీ.

అదేమిటన్నాను. కారు కదిలాక చెప్పింది. డర్బన్ మార్కెట్లో కూరగాయలు కొన్నాక పైన గుప్పెడు మిరపకాయలో, కొత్తిమీర కట్టో వేస్తారట, దాన్ని బన్సేలా అంటారట. అక్కడి జాతులైన జులూ వాళ్ల మాట, ఖోసా వాళ్ల మాట. అక్కడి మనవాళ్లు, తెల్లవాళ్లు, అందరూ తీసేసుకున్నారట. చిన్న కానుకేదైనా బన్సేలాయేనట. ఓహో, మా కొసరే కదా అన్నాను. మా కొట్టులో కూడా డజను గాజులు తొడిగాక పదమూడోది కొసరు వేస్తాను. కొసరులో ఉన్న న్యాయం ఆవిడకి వివరించాను: కొన్నావిడ అడగాలి, నేను కుదరదనాలి, ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోకుండా అలాగే కూర్చోవాలి, నేను విసుక్కుంటూ వెయ్యాలి. అడగనివాళ్లకి వెయ్యను. అడగందే అమ్మైనా పెట్టదు కదా.

సవీ తల అడ్డంగా ఊపింది. అడిగితే అది బన్సేలా కాదని వాళ్లవ్వ చెప్పేదట. అవతలివాళ్లకి ఇవ్వాలనిపించాలి, అంతవరకూ మనం కాళ్లు కదపకుండా నిలబడాలి. అలా నిలబడితే ఎప్పటికీ రాదు, ఊరికే కాళ్లు నొప్పులు అన్నాను. ఒక్కోసారి అంతే, రాదు అంది. కొండలు మొదలయ్యేదాకా మేమిద్దరం ఈ విషయం మీదే పోట్లాడుకున్నాం. ఆవిడ ఇంగ్లీషులో, నేను తెలుగులో. ఇద్దరికీ పూర్తిగా అర్థం కాకపోవడం వల్ల పోట్లాట బాగా సాగింది.

కొండల మధ్య: రెండు మంచాల గది

రాత్రికి కొండల మధ్య ఒక చిన్న ఊళ్లో దిగాం. పొద్దుపోవడానికి ఇంకా చాలా టైముంది, అక్కడ వేసవిలో సూర్యుడికి ఇంటికెళ్లాలన్న తొందర ఉండదు. గది బయట బల్ల మీద సవీ టిఫిను విప్పింది. రొట్టె దిమ్మ మధ్యలో తొలిచి, ఆ గుంటలో చిక్కుడు గింజల కూర పోసి తెచ్చింది. డర్బన్ వంటట. గిన్నె కడిగే పని లేకుండా గిన్నెనే తినేసే తెలివి నాకు నచ్చింది. కూరలో ఇంగువ, కరివేపాకు, కారం మన పాళ్లలోనే ఉన్నాయి. నూరేళ్లకు పైగా సముద్రం అవతల ఉన్న పోపుకి ఊరి పేరు అక్కర్లేదనిపించింది.

తిన్నాక ఆవిడ నా చేతి వంక చూసింది. గాజులమ్మే మనిషివి, చేతికి గడియారమే ఉందేం అంది. మా ఆయన పోయి తొమ్మిదేళ్లు అన్నాను. అప్పుడు తీసినవి మళ్లీ వేసుకోలేదు. కొట్టులో ఎవరూ అడగలేదు కూడా. గాజులు కొనుక్కునేవాళ్లు తమ చేతుల వంకే చూసుకుంటారు. డేవన్‌కి ఏడేళ్లప్పుడు ఆవిడ భర్త పోయాడట. అప్పటికే ఎడ్మంటన్ వచ్చేశారు. ఆసుపత్రిలో ప్రసవాల వార్డులో నర్సుగా ముప్పై ఏళ్లు చేసి, ఒక్కతే కొడుకుని పెంచింది.

డేవన్ కడుపులో ఉన్నప్పుడు తనకి సీమంతం జరగలేదట. అమ్మ డర్బన్‌లో ఉంది, ఇక్కడ ఎవరూ లేరు. తర్వాత మాటల మధ్యలో, రొట్టె ముక్కలు సంచిలో సర్దుతూ, “మా వైపు మొదటి గాజు అత్తగారు వేస్తుంది” అంది. ఇంకో మాట కూడా అంది. తన పెళ్లిలో వాళ్లవ్వ హాలు వెనక వరసలో కూర్చుందట, తాతయ్య లేడు కాబట్టి. “అదంతా సముద్రానికి అవతలే వదిలేసి వచ్చామనుకున్నాను అక్కా. వదిలేశామా?”

ఆవిడ అడిగింది అంతే. గాజు వేస్తానని అడగలేదు. ఇది కెనడా, ఎవరేమంటారమ్మా, హాయిగా వెయ్యి అన్నాను. గాజులు తెచ్చింది నేను కదా, ఆ మాత్రం మాటివ్వడానికి నాకు హక్కుందనుకున్నాను.

మర్నాడు రోడ్డు మీద కొమ్ముల దుప్పి ఒకటి అడ్డంగా నిలబడి పావుగంట మమ్మల్ని ఆపింది. ఎవరూ హారన్ కొట్టలేదు. వెనక కార్లవాళ్లు కూడా దిగి, ఫొటోలు తీసుకుని, దుప్పికి సారీ చెప్పి వెళ్లేలా ఉన్నారు. కొన్ని కొండలు కాలిపోయిన చెట్లతో నల్లగా ఉన్నాయి, వాటి కింద ఎర్రటి పూలు మొలిచాయి. ఆ దారి అందాన్ని వర్ణించడం నాకు చేతకాదు. అంత ఆకుపచ్చకి సరిపడే గాజు మాత్రం, మా కొట్టుకి గాజులొచ్చే ఫిరోజాబాద్ నుంచి కూడా రాదు.

ఎడ్మంటన్: ఆవిడకో ముఖ్యమైన బాధ్యత

ఎడ్మంటన్ చేరగానే అక్క నన్ను కౌగిలించుకుని, గాజులు ఎన్ని చిట్లాయని అడిగింది. నాలుగే. ఆ ఊరి కొట్లలో పన్ను కాస్త తక్కువట. నా నుంచి తీసే కొసరు తగ్గిందని సంతోషించాను.

ఆ ఇంట్లో సీమంతం ఏర్పాట్లు చూస్తే, బిడ్డ పుట్టడం ఆ వేడుకలో చిన్న భాగమేమో అనిపించింది. అతిథులు ఏమేం కొనివ్వాలో జాబితా ముందే ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎవరు ఏది కొన్నారో అందులోనే తెలుస్తుంది, పిల్లబండి కొన్నది ఎవరో అందరికీ తెలుసు. బదులుగా రిటర్న్ గిఫ్టులు. సంచుల్లో చిన్న మొక్క, వాసన కొవ్వొత్తి, పసుపు కుంకుమ. సంచులకి రెండు రంగుల రిబ్బన్లు. బంగారు రంగు దగ్గరవాళ్లకి, వెండి రంగు మిగతావాళ్లకి. దగ్గరితనం కొలిచింది శైలజగారు. ఆవిడ పాతికేళ్లుగా ఆ ఊళ్లో ఉంటున్న ఇంజనీరు, తెలుగువాళ్ల వేడుకలన్నీ దగ్గరుండి నడిపిస్తుంది. నా గాజులు చూసి చాలా ఆథెంటిక్‌గా ఉన్నాయండీ అని, వాటిని స్టాండ్లకి తగిలించి, పైన ఇంగ్లీషులో ‘బ్యాంగిల్ స్టేషన్’ అని బోర్డు పెట్టింది. ఎవరికి వారే తీసుకుని వేసుకోవచ్చట. నేనేం చెయ్యాలి అన్నాను. మీరు హాయిగా కూర్చుని ఎంజాయ్ చెయ్యండి అంది.

కార్యక్రమం వివరిస్తూ, మొదట ఐదుగురు ముత్తైదువులు కావ్యకి గాజులు వేస్తారని అక్క చెప్పింది. సవీ వెయ్యదా అన్నాను. అక్క తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. తనకి పట్టింపులేమీ లేవట. నలుగురూ ఏమనుకుంటారో అనేనట. శైలజగారిని అడిగితే ఆవిడకీ పట్టింపుల్లేవట, అక్క బాధపడుతుందేమోనని ఊరుకుందట. ఆ ఇంట్లో పట్టింపు ఉన్న మనిషి ఎవరో నేను నాలుగు రోజులు వెతికాను, దొరకలేదు. అయినా పని మాత్రం పట్టింపు ప్రకారమే జరుగుతోంది.

“ఆవిడకి ముఖ్యమైన బాధ్యతే ఇచ్చాం సత్యా,” అంది అక్క. “విశాఖపట్నంలో మనవాళ్లందరూ లైవ్‌లో చూస్తారు. ఆ ఫోను ఆవిడ పట్టుకుంటుంది.”

ఫోను పట్టుకునే చోటు హాలు వెనక. మొత్తం కనబడాలి కదా.

సవీకి ఆ సంగతి శైలజగారు చెబుతున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను. చాలా థాంక్స్ అంది సవీ. ఫోను నిలబెట్టే మూడుకాళ్ల కర్ర ఎలా విప్పాలో నేర్చుకుంది. నా వైపు చూడలేదు. అది నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఏదైనా అడుగు, పోట్లాడు, నీ కొడుకే కదా, నీ ఇల్లే కదా అని అరవాలనిపించింది. కావ్యకి చెబుదామంటే, నిండు చూలాలి మనసు కష్టపెట్టొద్దని అక్క నా దగ్గర ముందే మాట తీసుకుంది. అత్తయ్యకి ఫోన్లంటే సరదా అనుకుంటోంది ఆ పిల్ల.

హాల్లో: గాజుల స్టేషన్

అద్దె హాలు, ప్లాస్టిక్ మామిడాకులు, నిజమైన ఆవకాయ. వచ్చిన ఆడవాళ్ల చేతులన్నీ చూశాను. డాక్టర్ల చేతులు, కంప్యూటర్ చేతులు, బంగారం బాగానే ఉంది. పిల్లలు తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెబుతూ స్టేషన్ చుట్టూ తిరుగుతున్నారు. వెనక గోడ దగ్గర, ఊదారంగు పట్టుచీరలో, సవీ కర్ర పక్కన నిలబడి ఉంది. ఆ చీర కోసం తను డర్బన్‌లో చెల్లెలికి రెండు నెలల ముందే చెప్పి తెప్పించుకుందని దారిలో చెప్పింది.

మొదటి గాజు శైలజగారిది. ఫొటోకి బిగుతుగా ఉంటే అందమని స్టాండ్ మీది రెండూ నాలుగు తీసింది. కావ్య చేతులు నీరు పట్టి ఉన్నాయి, రెండూ ఎనిమిదికి తక్కువైతే ఎక్కదు. చూస్తూనే ఉన్నాను, చెప్పేలోపు నొక్కేసింది. గాజు చిట్లింది. కావ్య బొటనవేలి మొదట్లో చిన్నగా గీసుకుంది. పట్టింపులు లేని అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. పట్టింపులు లేని శైలజగారు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. మిగిలిన నలుగురు ముత్తైదువుల్లో ఒక్కరూ ముందుకి రాలేదు.

“సత్యా,” అంది అక్క. “నువ్వు రా. నువ్వే వెయ్యి.”

వెళ్లి కావ్య ఎదురుగా కూర్చున్నాను. గీసుకున్న చోట పసుపు అద్దాను. సబ్బునీళ్లు తెమ్మన్నాను. చేతిని ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ముడిచి, ఎముకల మధ్య మెత్తగా నొక్కాను. ఆకుపచ్చది ఒకటి తీశాను. తొడిగేస్తే క్షణం పని. వెనక గోడ దగ్గర ఆవిడ ఫోను మా మీదకి సరిచేస్తోంది. అడగదు. ఎప్పటికీ అడగదు. తొమ్మిదేళ్లుగా నేను కూడా ఎవరినీ ఏమీ అడగలేదని అప్పుడు తట్టింది.

“అక్కా,” అన్నాను. “మొదటి గాజు ముత్తైదువ వెయ్యాలన్నావు కదా. మా ఆయన పోయాడు.”

అక్క నా దగ్గరికి వంగింది. “నీది వేరు సత్యా. నువ్వు గాజులు వేసే మనిషివి. అది నీ పని.”

“ఆవిడదీ అదే పని. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో బిడ్డల్ని బయటికి తీసింది. ఇక్కడున్న వాళ్లలో ఎంతమంది బిడ్డల్ని అందరికంటే ముందు ముట్టుకున్నవో ఆ చేతులు. అప్పుడెవరైనా ఆవిడ మెడ వంక చూశారా?”

గట్టిగానే అన్నాను. కొట్టు గొంతు, తగ్గించడం రాదు. డేవన్ తెలుగు అర్థం కాక పక్కవాళ్లని అడుగుతున్నాడు. కావ్యకి మాత్రం అంతా అర్థమైంది. ఫోను ఎందుకిచ్చారో, ఎక్కడ నిలబెట్టారో, అన్నీ వరసగా ఆ పిల్ల మొహంలో కనబడ్డాయి. నా ఒళ్లోంచి చెయ్యి తీసుకుని వెనక గోడ వైపు చాచింది.

“అత్తయ్యా, రండి. మీరొస్తేనే వేయించుకుంటాను.”

సవీ నడిచి వచ్చింది. తొందరలో కర్ర తగిలి ఫోను వెల్లకిలా పడింది. విశాఖపట్నం బంధువులకి అక్కడి నుంచి హాలు కప్పే కనిపించిందట. కన్నులపండువగా ఉందని అరగంట తర్వాత మెసేజ్ పెట్టారు.

తనకి మట్టిగాజు తొడగడం రాదని, చిట్లుతుందేమోనని సవీ భయపడింది. ఆవిడ చేతి మీద నా చెయ్యి వేసి చూపించాను. నెట్టకూడదు, చెయ్యి వదులయ్యేదాకా ఆగాలి, అప్పుడు అదే జారుతుంది. ఆవిడ నవ్వి, బిడ్డ తల కూడా అంతే అంది. గాజు గీటు పడకుండా ఎక్కింది. కావ్య ఏడ్చింది. అత్తగారు ఏడవలేదు, రెండోది తీసుకుంది. ఆ తర్వాత శైలజగారు వచ్చి సవీ పక్కన కూర్చుని, ఎలా ఆగాలో తనకీ చూపించమంది. ఒకరి వెనక ఒకరు అందరూ వచ్చారు. స్టేషన్ బోర్డు ఎవరో తీసి పక్కన పెట్టారు.

అందరూ భోజనాలకి లేచాక నేను మిగిలిన గాజులు సర్దుతున్నాను. సవీ నా ఎదురుగా కూర్చుని, ఏమీ అడగకుండా నా ఎడమచెయ్యి తీసుకుంది. గడియారం విప్పి బల్ల మీద పెట్టింది. రెండూ ఆరు సైజు ఆకుపచ్చ గాజు తీసింది, ఎలా తెలుసుకుందో. వద్దమ్మా అన్నాను. చెయ్యి వెనక్కి తీసుకోబోయాను. ఆవిడ పట్టు వదల్లేదు, నెట్టలేదు కూడా. నా చెయ్యి వదులయ్యేదాకా అలాగే కూర్చుంది.

“బన్సేలా,” అంది, గాజు దిగాక.

ముప్పై ఏళ్లలో ఎన్ని వేల చేతులకి కొసరు వేశానో నాకే తెలియదు. నా చేతికి ఎవరూ వెయ్యలేదు. ఏడవడానికి చోటు లేక, అన్నం తిన్నావా అని అడిగాను.

వెళ్లేటప్పుడు అక్క అందరికీ రిటర్న్ గిఫ్టులిస్తూ సవీకి కూడా ఒక సంచి ఇచ్చింది. బంగారు రిబ్బను. సొంత కోడలి సీమంతంలో అత్తగారికి రిటర్న్ గిఫ్టేమిటని ఎవరికీ తట్టలేదు. సవీ మాత్రం చాలా సంతోషంగా తీసుకుంది.

విజయనగరం

వచ్చి నెలయింది. గాజు చేతికే ఉంది. కొట్టుకి వచ్చేవాళ్లు చూస్తున్నారు, అడగటం లేదు. కానీ, మీ చేతికున్న రంగే కావాలి అనేవాళ్లు ఎక్కువయ్యారు. ఈ వ్యాపార రహస్యం తొమ్మిదేళ్లు ఆలస్యంగా తెలిసిందని ఒక పక్క బాధగా ఉంది. అడగనివాళ్లకి కూడా పదమూడోది వేస్తున్నాను. పక్క కొట్టు వాళ్లకి ఈ పద్ధతి బొత్తిగా నచ్చలేదు.

మా వీధిలో సూరమ్మగారు మాత్రం మొహమాటపడే మనిషి కాదు. నిన్న కొట్టు గుమ్మంలో నిలబడి, నలుగురు బేరం చేస్తుండగా, నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

“ఏటే సత్తెమ్మా ఇది? ఎవరేసినారు?”

“మా వియ్యపురాలు,” అన్నాను.